దౌలెత్ చోటు

అల్మాటీ కొండల మీది వేధశాలలో రౌషన్ ఇరవయ్యేళ్లుగా పాలపుంతలను లెక్కిస్తోంది. అవి గుంపుగా చేరిన చోట కంటికి కనిపించని కృష్ణపదార్థం ఉంటుందని, ఆ గుంపును నిలిపేది దాని బరువేనని ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చిన అధికారి, తలుపుకు ఎదురుగా పెద్ద అతిథిని కూర్చోబెట్టే చోటు ఖాళీగా కనిపించడంతో అటు నడిచాడు.

"అక్కడొద్దు బాబూ, అది మా దౌలెత్ చోటు," అంది రౌషన్ తల్లి. సమ్మె రోజున పోలీసులు పట్టుకెళ్లి తిరిగి పంపని కొడుక్కి ఆమె ఏడేళ్లుగా అక్కడ టీ గిన్నె పెడుతోంది.

అధికారి గుమ్మం పక్కన సర్దుకుని రౌషన్ ముందుకు కాగితం చాపాడు. "మేమెవర్నీ పట్టుకెళ్లలేదని సంతకం పెట్టక్కా. లేనివాడి కోసం ఇంకెన్నాళ్లు?"

"లేనివాడైతే నువ్వు గుమ్మం దగ్గరెందుకు కూర్చున్నావు తమ్ముడూ? నిన్నక్కడికి నెట్టిందెవరు?" అంది రౌషన్.

అతను ఖాళీ చోటు వైపు చూసి చప్పున చూపు తిప్పుకున్నాడు. సంతకం లేని కాగితంతో అతను లేస్తుండగా, తల్లి చల్లారిన టీ పారబోసి దౌలెత్ గిన్నెను మళ్లీ నింపింది.