మా ఆయన వినని ఇంజిన్

పోయిన వారం ఆంగ్ మో కియో పేటలో మా ఫ్లాట్ల బ్లాకు కింద నడుస్తుంటే ఒక బ్యాటరీ కారు చప్పుడు లేకుండా నా వెనకే వచ్చి ఆగింది. ఉలిక్కిపడి పక్కకు జరిగితే, లోపలి అమ్మాయి అద్దం దించి "సారీ ఆంటీ" అని వెళ్లిపోయింది. బండి మలుపు తిరగకముందే చప్పుడు విని అది ఎవరిదో చెప్పగలిగిన మన తరానికి ఇదొక కొత్తరకం చిన్నతనం. ఇంటికొచ్చి కూర్చున్నాక మా ఆయన గుర్తుకొచ్చారు. ఆయన పోయి నాలుగేళ్లు.

మా తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చినవాళ్లు. మా ఆయనకు ఇక్కడే ఇండస్ట్రియల్ పార్కులో ఒక వర్క్‌షాపు ఉండేది. నేను ఫోన్లు ఎత్తేదాన్ని, విడిభాగాల కోసం ఊళ్లకూ దేశాలకూ ఉత్తరాలు రాసేదాన్ని. పొడవాటి ముక్కూ పెద్ద గొంతూ ఉన్న పాత అమెరికన్ కార్లంటే ఆయనకు పిచ్చి. ఈ ఊళ్లో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు గాని, వాటి యజమానులందరూ చివరకు మా గుమ్మమే తొక్కేవారు.

అలా వచ్చినవారే, ఓడరేవులో పనిచేసి రిటైరైన ఒక చైనీస్ అంకుల్. ఆయన కారు ఇంజిన్ అరిగిపోయింది. దాని స్థానంలో అంతకంటే పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టమన్నారు. దానికి తగ్గట్టు కార్బురేటరు, పొగ గొట్టాలు, బ్రేకులు అన్నీ మార్చి, అనుమతి కాగితాలు తెచ్చుకుని, మూడు నెలలు మా ఆయన ఆ కారు కిందే బతికారు.

ప్రభుత్వ తనిఖీకి తీసుకువెళ్లే ముందురోజు ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేశారు. వేగం పెంచినప్పుడల్లా అడుగు నుంచి ఎవరో చెక్కసుత్తితో కొడుతున్నట్టు ఒక బరువైన చప్పుడు నాకు వినిపించింది. అన్నేళ్లు ఆ షాపులో కూర్చున్నదాన్ని, అది బేరింగు చప్పుడని నాకు తెలుసు. నెమ్మదిగా చెబితే ఆయన కొట్టిపారేశారు.

"అది పైన వాల్వుల దగ్గర టాపెట్ సౌండు, మామూలే. నీకేం తెలుసు?"

ఇంతలో అంకుల్ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. మొగుడి పనిని పరాయివాళ్ల ముందు తప్పుపట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. అయినా ఆ ఇంజిన్ రోడ్డుమీద పగిలితే అంకుల్ ఏమవుతారో అనుకుని, బండికి అడ్డంగా నిలబడి, మాట చివర "లా" తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో చెప్పాను.

"అంకుల్, డోంట్ డ్రైవ్ లా. ఇంజిన్ బాటమ్ గాట్ సౌండ్."

మా ఆయన ముఖం ఎర్రబడింది. ఏం గొడవో అర్థంకాక అంకుల్ తాళం తిప్పి ఇంజిన్ ఆపేశారు. పక్క షాపులో ప్రెస్ మిషను కొట్టే దెబ్బలకు మా నేల అదురుతూనే ఉంది. మా ఆయన కారుకు వీపు ఆనించి, నా వంక చూస్తూ అన్నారు:

"విను! ఎంత నున్నగా తిరుగుతోందో విను. సౌండెక్కడ?"

నేను అంకుల్ వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. ఇంట్లో టీవీ మోత, నేను రెండుసార్లు పిలిస్తేగాని తిరగని ఆయన తల, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మా ఆయన వెనక్కి తిరగకముందే అంకుల్ మళ్లీ తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేశారు. తరువాత దిగివచ్చి, మా ఆయనకు ఎదురుగా నిలబడి, గట్టిగా చెప్పారు.

"నో హర్రీ లా. టెస్ట్ నెక్స్ట్ వీక్ కెన్. ఓపెన్, సీ ఫస్ట్."

విప్పి చూస్తే బేరింగు పైపూత అరిగి లోపలి రాగి తేలి ఉంది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో గీరి చూశారు. చెవుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. కాని వారం తిరిగాక కొత్త బేరింగు వేసి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ, "ఎలా ఉంది?" అన్నారు. బాగుందని తల ఊపాను. కారు తనిఖీలో నెగ్గింది. ఆ తరువాత షాపు మూసేదాకా ప్రతి ఇంజిన్‌కూ అదే ప్రశ్న, నాది అదే తల ఊపడం. ఆ ఉదయం తాను వినమన్నప్పుడు ఇంజిన్ ఆగి ఉందని ఆయనకు ఎప్పటికైనా తెలిసిందో లేదో, నాకు తెలియదు.

ఇప్పుడు పై అంతస్తులో ఎవరి ఫ్యానుకో బేరింగు పోయింది. మధ్యాహ్నమంతా ఆ కిర్రు వినిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు మా ఫ్లాట్ల ముందు వరండాలో తలుపులన్నీ తెరిచే ఉండేవి, ఎవరింట్లో ఏది పాడైనా అడిగి చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు ఎవరో నాకు తెలియదు. ఒకరోజు పైకి వెళ్లి తలుపు ముందు కాసేపు నిలబడి, బెల్లు కొట్టకుండానే దిగివచ్చేశాను.