చట్టాలు చేసినాయన సమాధి దాకా

శనివారం ఉదయం ఎనిమిదింపావుకి, మేముంటున్న ఇన్వర్‌కార్గిల్‌లో షటిల్ వ్యాన్ ఎక్కాను. పన్నెండు సీట్లే, ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు. వెళ్తున్నది సెంట్రల్ ఒటాగోలోని ఒక పాత బంగారు గనుల ఊరికి.

పందొమ్మిదో శతాబ్దంలో ఒక అమెరికన్ లాయరు, తమ రాష్ట్ర శాసనసభలో కూర్చున్న మనిషి, బంగారం వెంట ఆ ఊరికి వచ్చి మళ్లీ కోర్టులో నిలబడ్డాడని మా తెలుగు సంఘం అంకుల్ చెప్పారు. నాకు ధైర్యం చెప్పడానికే చెప్పారు. వరంగల్ కోర్టులో తొమ్మిదేళ్లు వాదించిన నేను ఇక్కడ రెస్ట్ హోమ్‌లో పెద్దవాళ్లకు స్నానాలు చేయిస్తున్నాను. ఈ దేశంలో లాయరవ్వాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. ఈ ఏటి దరఖాస్తుకు మర్నాడు ఆదివారమే ఆఖరు. మూడేళ్లుగా ఏదో ఒక వంకతో దాటవేస్తూనే ఉన్నాను. పండగల్లో అందరూ లాయరమ్మా అని పిలుస్తుంటే పలుకుతూనే ఉన్నాను.

పక్క సీట్లో కరీంనగర్ అమ్మాయి సింధు. చెర్రీ తోటలో పని దొరికిందట, అద్దెకు ఫ్లాట్ చూసుకుని సాయంత్రం తిరిగొస్తానంది. నేనేం చేస్తానని అడిగితే లాయర్నన్నాను. నాలుక తడబడలేదు.

పదకొండున్నరకు దిగాను. బేకరీలో కూరగాయలు కూరి కాల్చిన 'పై' పన్నెండులోపే అయిపోతుంది, శాకాహారులు ముందు అక్కడికే వెళ్లండి.

మ్యూజియం ఒకటే గది. అద్దాల బీరువాలో ఆయన నల్లగౌను ఉంది. ఏ కోర్టులో వాదించాడని అక్కడున్న పెద్దావిడను అడిగాను.

"ఏ కోర్టులోనూ వాదించలేదు. గౌను కుట్టించుకున్నాడు గానీ పరీక్షకు కూర్చోలేదు" అందావిడ.

పక్కనే ఆయన ఉత్తరం. చట్టాలు చేసినవాణ్ని, చట్టం తెలుసని కుర్రాళ్ల పక్కన కూర్చుని రాసి చూపించాలా అని ఉంది. ఇలాంటి మాటే మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో! ఆ అమెరికన్ చివరిదాకా హోటల్ అరుగు మీద గని కూలీలకు అర్జీలు రాసిపెట్టాడట.

సమాధులు ఎండలో, గుట్ట మీద. ఆయన రాతి మీద పేరు కింద 'న్యాయవాది' అని ఉంది. అది బతికుండగానే తను చెక్కించుకున్నదని మ్యూజియం ఆవిడ ముందే చెప్పింది. జాలేసింది, కోపమూ వచ్చింది. ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారా, ఉన్నా వినలేదా?

నాలుగింటి వ్యాన్‌లో మళ్లీ సింధు. అద్దె ఒప్పందం కాగితాలు నా ఒళ్లో పెట్టింది.

"అక్కా, మీరు లాయర్ గదా. జర చూసి చెప్పుండ్రి, సంతకం పెట్టాల్నా?"

కాగితాలు మెల్లగా తిరిగిచ్చాను. "నేనిక్కడ లాయర్ని కాదమ్మా. రెస్ట్ హోమ్‌ల పనిచేస్త. ఈడి చట్టం నేనింక చదవలె." ఊళ్లో ఉచితంగా న్యాయసలహా ఇచ్చేచోట చూపించమని చెప్పాను.

ఆ పిల్ల నవ్వలేదు. కాగితాలు మడతపెట్టుకుంటూ, "మరి ఎప్పుడు చదువుతరక్కా?" అంది.

దారిలో గోర్ అనే ఊరి దగ్గర ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. దరఖాస్తు తెరిచాను. ప్రస్తుత వృత్తి అనే గడి దగ్గరే మూడేళ్లుగా ఆగిపోతున్నాను. రెస్ట్ హోమ్ సహాయకురాలు అని రాశాను. ఆ తర్వాతి గడులన్నీ ఇన్వర్‌కార్గిల్ చేరేలోపే నిండాయి.