తోడల్లుడి ఇంట్లో అయిదు కొమ్మల వెండి స్టాండు

నా తోడల్లుడు సూరిబాబు తన అయిదు కొమ్మల వెండి కొవ్వొత్తుల స్టాండును అమ్మకానికి పెట్టాడని తెలిసిన రాత్రి, సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. ఏదో బంగళా సామాను వేలంలో వాళ్ల నాన్న కొన్న పాత వస్తువది. ముప్పయ్యేళ్లుగా మా ఆవిడ "మా చెల్లి ఇంట్లో చూడండి" అంటూ దాన్ని నా కళ్లలో పొడుస్తూనే ఉంది. వెండి కొట్లో పనిచేసిన నా ఇంట్లో స్టీలు గ్లాసులు, జీడితోట వాడింట్లో వెండి కొమ్మలు! తక్కువకు బేరమాడి తెచ్చేసుకుందామని బయల్దేరాను.

అనకాపల్లిలో ఉదయం ఏడున్నరకు నర్సీపట్నం బస్సెక్కాం. తాళ్లపాలెం, మాకవరపాలెం మీదుగా గంటన్నర పైనే పట్టింది. నాకు అరవై రూపాయల టిక్కెట్టు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి, దర్జాగా కిటికీ పక్కన కూర్చుంది. దానికీ కుళ్లుకున్నాను.

"నేనూ సీర కట్టుకొత్తే టిక్కెట్టు ఒగ్గేస్తావేటమ్మా?" అన్నాను కండక్టరమ్మతో.

"ముందు ఆ మీసం తీయించుకుని రా తాతా," అంది చిల్లర ఇస్తూ.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, తలా ఇరవై రూపాయలకు షేర్ ఆటోలో సూరిబాబు ఊరు బలిఘట్టం చేరేసరికి పది దాటింది.

స్టాండు బల్ల మీద ఉంది. మూరెడు ఎత్తు, సన్నని కొమ్మలు, వాటి మీద ద్రాక్షాకుల నగిషీ. మా మరదలు చింతపండుతో తోమిందేమో, తళతళలాడుతోంది. నా కడుపు మండిపోయింది. మొహం చిట్లించుకుని దాన్ని బోర్లించి, అడుగున వేలితో కొట్టాను. దబ్బుమంది.

"లోపలంతా లక్క, తమ్ముడూ. బరువు సూసి మురిసిపోకు. ఎండి పైన పొరే," అన్నాను. అది నిజం. "కొమ్మలు జర్మన్ సిల్వరు, అసలు ఎండే కాదు," అన్నాను. అది అబద్ధం. అరిగిపోయిన వెండి ముద్రలు నా వేలికి తగులుతూనే ఉన్నాయి.

మరదలి మొహం వాడిపోయింది. "తోటలో బోరు ఏయిద్దారనుకున్నాం బావా. పోయినేడు పూతంతా మాడిపోనాది."

అయినా నేను ఆగలేదు. ఒక కొమ్మ మొదట్లో నల్లటి గడ్డలాంటి అతుకు చూపించాను. "ఇది సూడు. ఎవడో పనికిమాలినోడు ఎండికి సీసం అతుకేసినాడు. నలభై వేలకి నేనే అట్టుకుపోతాన్లే."

సూరిబాబు నవ్వాడు. "ఆ పనికిమాలినోడివి నువ్వే అన్నయ్యా. నా పెళ్లయిన ఏడాది కొమ్మ ఇరిగితే నువ్వు పనిసేసే కొట్టుకే అట్టుకొచ్చినాను కాదా? తరవాత ఇంకో కంసాలి తీసేసి కొత్త అతుకేస్తానన్నాడు. అన్నయ్య సేసింది, ఉండనీ అన్నాను."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆ అతుకును బొటనవేలితో మూసేశాను. అప్పుడు గుర్తొచ్చింది: ఆ రోజు అతికే వెండి టంకం చేతిలో పెట్టుకుని కూడా, కుళ్లుకొద్దీ సీసం వేశాను.

"కొమ్మలు మంచి ఎండే," అన్నాను చివరికి. "మరలు తిప్పి ఊడదీసి, అయి మట్టుకే తూకం ఏయించు. పనితనానికి ఏరేగా అడుగు. లక్షన్నరకి తగ్గకు."

"మరి ఇందాక జర్మన్ అన్నావేటి బావా?"

"ఆకలి మీద అన్నానమ్మా. బేగి కోడికూర వండు, ఇంకో పదివేలు పెంచుతాను."

వారం తిరక్కుండా విశాఖ నుంచి ఒకాయన వచ్చి ఆ లక్షన్నరకే పట్టుకుపోయాడట. తోటలో నీళ్లు పడిన వీడియో సూరిబాబు పంపాడు. మా ఆవిడ దాన్ని రోజుకు మూడుసార్లు నాకు చూపిస్తోంది. స్టాండు మీద కుళ్లు పోయింది గానీ, బోరు మీద మొదలైంది. ఈసారి సీసం వేయడానికి అది నా చేతికందదు.

పాత వెండి కొనడానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బోర్లించి కొట్టి చూడండి, కొమ్మలు విడిగా తూయించండి. అతుకు కనిపిస్తే మాత్రం, తిట్టే ముందు అది ఎవరు వేశారో అడగండి.