పలక వెనక పేర్లు

స్నేహితుడి కొత్త ఇంటి గృహప్రవేశానికి పార్సిప్పనీ నుంచి అరోరా వెళ్లాను. మర్నాడు ఉదయం వాకింగ్‌కి వెళ్తే, పాత వీధిలో చెక్క పలకల గోడలున్న చిన్న ఇల్లు కనిపించింది. ఎప్పుడో ఒక రైల్వే కార్మికుడు కట్టుకున్నదట. డెబ్బై ఏళ్ల అమెరికన్ ఇంటావిడ గోడ నుంచి ఒక పలక ఊడదీసి, పుచ్చిన జానెడు ముక్కను మాత్రం కోస్తోంది.

"మా హైదరాబాద్‌లో అయితే ఈపాటికి బిల్డర్‌కి ఇచ్చేసేవాళ్లమండీ" అన్నాను.

"పాడైంది జానెడే కదా. మిగతా ఇల్లేం తప్పు చేసింది?" అంది.

పలక తిప్పి చూపించింది. వెనక పెన్సిల్‌తో కొలతలు, పక్కనే కట్టినవాడి పేరు. అతుకు వేయాల్సిన కొత్త ముక్కను నేను పట్టుకుంటే ఆవిడ కొలతకి కోసింది. దాని వెనక తన పేరు రాసి, పెన్సిల్ నాకిచ్చింది.

"నేనేం చేశానని?"

"పట్టుకున్నావుగా. రాయి."

"మేకులు కొట్టాక ఎవరికి కనబడుతుంది?"

"మళ్లీ రిపేర్ చేసేవాళ్లకి."

తెలుగులో రాశాను. ఆవిడ అక్షరాల మీద ఒకసారి వేలు పోనిచ్చి, ముక్క అతికించిన పలకను గోడకి బిగించింది.

నా వీసా ఇంకెన్నాళ్లో నాకు తెలియదు. నా పేరు మాత్రం ఆ గోడలో ఉంది.