బస్సు కప్పు మీద డిష్షు

ఇల్లు కదలదనే నమ్మకం మీద నడిచే వృత్తి మాది. మేడెక్కుతాం, డిష్షు బిగిస్తాం, నైరుతి మూలకి తిప్పుతాం, కింద టీవీలో బొమ్మ రాగానే దిగిపోతాం. మళ్లీ గాలివాన వచ్చేదాకా ఆ ఇంటివాళ్లకి మా మొహం గుర్తుండదు. ఎనిమిదో క్లాసులో బడి నన్ను వదిలించుకున్న దగ్గర్నుంచీ ఇదే నా పని. బర్మాలో మేముండే చౌక్తడా పేటలో తెల్లదొరల నాటి మేడలన్నిటి కప్పులూ నాకు తెలుసు, లోపలి గదులు మాత్రం తెలీవు. అలాంటి నన్ను మా అక్క పిలిచి, "ఒరే, మా ఇంటికి చక్రాలొచ్చేయి. మూడు గదుల్లోనూ టీవీ ఆడాలి, ఏటి చేస్తావో చెయ్యి" అంది.

మా బావ బర్మా మనిషి. అక్కా ఆయనా కలిసి పగోడా తిరునాళ్లలో అట్ల దుకాణం నడుపుతారు. చలికాలమంతా ఒక తిరునాళ్ల నుంచి ఇంకో తిరునాళ్లకి తిరగడమే. ఇన్నాళ్లూ డేరాలో పడుకున్నారు. ఈ ఏడు బావ ఒక పాత జపాను బస్సు కొన్నాడు. లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలకి మనుషుల్ని మోసి మోసి నడుం విరిగిన బస్సు. సీట్లు పీకించి, ప్లైవుడ్డు అడ్డం పెట్టించి మూడు గదులు చేయించాడు. ముందుది అక్కకీ ఆయనకీ, మధ్యది వాళ్ల పాపకి, వెనకది మా అమ్మకి.

ఆ వెనక గది దగ్గరే చిక్కంతా. అమ్మ నా దగ్గర ఉంటుంది. కిందటేడు తిరునాళ్ల గుంపులో పాప ఒక పూటంతా కనబడకుండా పోయింది. దొరికింది గానీ, అప్పట్నుంచీ అక్కది పెనం మీద చెయ్యి, పాప కోసం వెనక్కి మెడ. అమ్మ వచ్చి పాపని చూసుకుంటానంటేనే దుకాణం, లేకపోతే ఈ ఏడు పెట్టనని తేల్చేసింది. అమ్మ వస్తానంది. ఒక్క షరతు. తన గదిలో తెలుగు టీవీ ఉండాలి.

"అక్కడ మనవరాలు బర్మాలో మాటాడతాది, అల్లుడుగోరు బర్మాలో మాటాడతారు, మీ అక్క బేరాలోళ్లతో అరిసరిసి రేత్రికి ఏ భాషలోనూ మాటాడదు. నువ్వెలాగూ రావు. టీవీ అయినా రావాల గదా."

"ముందు గదిలో పెద్ద టీవీ ఉందిగా. అక్కడే కూర్చుని చూడు."

అమ్మ నన్ను చూసిన చూపుకి అర్థం చెప్పాలి. మా వాళ్లలో అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. అక్క పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లింటికి వెళ్తే అమ్మ సీరియల్‌ని తలుపు కర్టెన్ వెనక నిలబడి వినేది. చూడ్డం కాదు, వినడం. బావ భోంచేస్తుంటే వంటింట్లోంచి, "ఒరే, అల్లుడుగోర్ని ఇంకాసింత చారు పోసుకోమను" అని నాతో అనేది. బావకి 'చారు' అన్న మాట బాగా తెలుసు. అయినా మర్యాదగా నేను బర్మాలోకి మార్చేదాకా గిన్నె ముట్టుకోడు. పాపం ఆయన మాత్రం, బర్మావాణ్ణి కాబట్టి ఈవిడకి నేనంటే గిట్టదు అనుకుంటున్నాడు. అది మర్యాద అని అక్క ఎన్నిసార్లు చెప్పినా, "మర్యాదకి అంత చిన్న మొహం ఉండదు" అంటాడు.

సరే, పనికి దిగాను. మొదటిరోజు ఒక డిష్షు, ఒక వైరు, దాన్ని మూడు చేసే చిన్న పిన్ను. అదే నా తెలివి. ముందు గదిలో బావ ఫుట్‌బాల్ పెట్టాడు, బొమ్మ అద్దంలా వచ్చింది. వెనక గదిలో అమ్మ తెలుగు చానల్ నొక్కింది, నల్లటి తెర. బావ చానల్ మారిస్తే అమ్మకి బొమ్మ వచ్చింది, మధ్య గదిలో పాప కార్టూను ఎగిరిపోయింది. పాప ఏడుపు. ఎవరు ముందు నొక్కితే డిష్షు వాళ్ల మాటే వింటుంది, మిగతా ఇద్దరూ గోడ చూస్తూ కూర్చోవాలి.

"ఇది డిష్షు కాదురా, మీ నాన్న" అంది అమ్మ వెనక గదిలోంచి.

డిష్షుకి ముక్కులా ఉండే ఎల్‌ఎన్‌బి మార్చాలి, ఒక్కో గదికి ఒక్కో నోరు ఉన్నది తేవాలి. దానికోసం మర్నాడు ఊరంతా తిరిగాను. ఒక కొట్టువాడు రేపు రమ్మన్నాడు, ఇంకొకడు అలాంటిది పుట్టనే లేదన్నాడు, మూడోవాడు తీసి చేతిలో పెట్టేసరికి కరెంటు పోయి, చీకట్లో దాని మీద ఏం రాసుందో చూసుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే సరైనదే. ఆ వారంలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

మూడు వైర్లు దింపాను. మూడు టీవీలూ వెలిగాయి. బస్సు దిగి బీడీ ముట్టించానో లేదో లోపల్నుంచి మూడు గొంతులూ ఒకేసారి లేచాయి. ఏమైందంటే, అమ్మ మంచం దిగింది. బస్సు కింద ఉన్నవి స్ప్రింగులు, పునాది కాదు. వెనక ఒక మనిషి లేస్తే కప్పు మీద డిష్షు తలూపుతుంది, ముందు బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

"అమ్మా, కదలకు!"

"సీరియల్ అయ్యేదాకా మంచం మీద శవంలాగ పడుండమంటావేట్రా?"

బావా నేనూ కలిసి ఇరుసుల కింద రాళ్లూ, పాత దూలం ముక్కలూ పెట్టి జాకీలెత్తి బస్సుని కుదురుగా నిలబెట్టేసరికి నా నడుం కూడా బస్సు నడుంలా తయారైంది. అయినా బొమ్మ నిలబడింది. బోల్టులు బిగించి, ఆ రోజుకి ఇంకెవరు పిలిచినా పలకనని ఒట్టేసుకున్నాను.

బయల్దేరేది మర్నాడు మధ్యాహ్నం. మొదటి మజిలీ ట్వంటే తిరునాళ్లు. పొద్దున్నే నేను వెళ్లేసరికి రాళ్లు లేవు, జాకీలు లేవు, బస్సు మూతి ఇంకోవైపు ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి పసుపూ కుంకుమా, నేల మీద కొబ్బరి చెక్కలు. బండికి పూజ చేస్తే బండి తూర్పు చూడాలి కాబట్టి, రాత్రి బస్సులోనే పడుకున్న అమ్మ తెల్లారకుండానే అక్క చేత చెప్పించి బావ చేత బస్సు తిప్పించింది. మూడు గదుల్లోనూ నల్లటి తెరలు.

"ఎవరు తిప్పమన్నారు?" అన్నాను, తెలిసే.

"దేవుడు" అంది అమ్మ. "బండి తూరుపుకి తిరిగితే గొడుగు కూడా తూరుపుకే తిప్పాల. అంతేగా, అదేటంత పెద్ద పని?"

"తూర్పున మనకి కావలసిన ఉపగ్రహం లేదమ్మా."

"సూర్యుడున్నాడు కదా."

అప్పుడు అమ్మ ఇంకోమాట కూడా అంది. వేళాకోళం కాదు, నెమ్మదిగానే అంది. "నాను రానంటే మీ అక్కకి కష్టమని నాకు తెలుసు. కానీ నెలల తరబడి ఒక్క మాట అర్థమయ్యేది లేకండా ఉండలేన్రా. బొమ్మ రాపోతే నీతోనే ఇంటికొచ్చేస్తాను." అక్క గుమ్మంలో నిలబడి వింది. పాప జుట్టు దువ్వడం ఆపి దువ్వెన అలాగే పట్టుకుంది.

నేను కప్పెక్కాను. పక్క గ్యారేజీలో కరెంటు లేక జనరేటరు మోగుతోంది, పిడుగు పడ్డా వినబడదు. అమ్మ గొంతు నా దాకా రాదు. అందుకని ఏర్పాటు ఇలా చేసుకున్నాం. బొమ్మ వస్తే వెనక గదిలో అమ్మ అక్కకి తెలుగులో చెప్పాలి. అక్క బస్సు గుమ్మం దాకా వెళ్లి బావకి బర్మాలో చెప్పాలి. బావ కిందనుంచి నాకు చెయ్యి ఊపాలి. అమ్మ బావకే నేరుగా చెప్పొచ్చు, ఆయన వెనక గది కిటికీ పక్కనే నిలబడ్డాడు. కానీ చెప్పదు కదా.

డిష్షుని వేలెడు జరిపాను. కాసేపటికి బావ చెయ్యి ఊపాడు. బోల్టు బిగించాను. అక్క తల బయటపెట్టి, "పోయింది! ఎప్పుడో వచ్చి పోయింది!" అని సైగ చేసింది. మళ్లీ వదులు చేశాను. మళ్లీ చెయ్యి ఊపాడు. ఈసారి ఆయన ఊపింది ఈగని. ఎండ నెత్తికెక్కింది. రేకు అరికాళ్లని కాలుస్తోంది. నలుగురు మనుషులం, రెండు భాషలు, ఒక వేలెడు దూరం. బోల్టు తిప్పే రెంచి విసిరేసి దిగిపోయాను.

"నా వల్ల కాదు. దారిలో ప్రతి ఊళ్లోనూ ఇదే తంతు. అక్కడ కప్పెక్కడానికి నేను రాను."

బావ రెంచి ఏరుకున్నాడు. "అయితే నేనే నేర్చుకోవాలి" అని బర్మాలో అని, లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని నిచ్చెనెక్కాడు. నేను ముందు గదిలో బాక్సు వైరు వదులైందేమో అని చూస్తున్నాను, అక్క పక్కన టార్చి పట్టుకుంది. వెనక గదిలో అమ్మ ఒక్కతే.

ఉన్నట్టుండి వెనకనుంచి పెద్ద కేక. "యబీ! యబీ!" దొరికింది, దొరికింది అని, బర్మాలో! అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. వెళ్లి చూస్తే అమ్మ మంచం మీద నిలబడి, గాలి కోసం కప్పుకి పెట్టిన చిన్న తలుపు తోసి, మూతి ఆ సందులో పెట్టి అరుస్తోంది. టీవీలో బొమ్మ మెరిసి మళ్లీ పోయింది. "అయ్యో, పోయింది! ఎనక్కి తిప్పండి, ఎనక్కి! ఎడం పక్కకి! మెల్లిగా!" అంతా బర్మాలోనే, మా వీధి చేపల మనిషితో బేరమాడే బర్మా.

పైన చప్పుడు ఆగిపోయింది. ఆయన పడిపోయాడేమో అని భయమేసింది. తర్వాత ఆ సందులోంచి చిన్న గొంతు, "హోకే, అమే." అలాగే అమ్మా, అని.

"ఇంకాసింత! ఆ! ఇంక ముట్టుకోకండి!"

బొమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకున్న కోడలెవరో ఏడుస్తోంది. అమ్మ మంచం దిగి కొంగు సవరించుకుంది. నేను వదుల్తానా?

"అమ్మా, అల్లుడుగోరితో మాట్లాడేశావే."

"నానెక్కడ మాటాడేన్రా? నాను కప్పుతో మాటాడేను."

అక్క నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పరిగెత్తింది. బావ దిగొచ్చాక అమ్మ యథాప్రకారం గోడవైపు తిరిగిపోయింది. "ఒరే, అల్లుడుగోర్ని మజ్జిగ తాగమను" అంది నాతో. బావ నా తర్జుమా కోసం ఆగకుండానే గ్లాసందుకున్నాడు.

మధ్యాహ్నం బస్సు కదిలింది, అమ్మతో సహా. వెళ్లేముందు నేను బావకి అన్నీ చెప్పబోయాను: ఎంత వాలు, ఏ మూల, ఏ బోల్టు ముందు. ఆయన సగం విన్నాడు.

సాయంత్రం ఇంటికి పోయే బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చి ఫోన్ చేశాను. ట్వంటేలో నేల మెత్తన, చక్రాల కింద పలకలు వెయ్యకపోతే డిష్షు వాలిపోతుంది. అక్క ఎత్తింది.

"ఒరే, తర్వాత చెయ్యి. ఇప్పుడు వాళ్లిద్దరూ పన్లో ఉన్నారు."

"నేను చెప్పేది ఒక్క మాటే. పలకలు..."

"వొద్దంటన్నాను కదా. అమ్మ చెప్తంది."

వెనకాల అమ్మ గొంతు వినిపిస్తోంది, కప్పు మీదికి అరుస్తోంది, ఎడం పక్కకంటే ఏ పక్కో కూడా తెలీదా అని. బావ ఏదో ఎదురు చెప్పాడు. పాప ఎక్కడో దగ్గర్లోనే నవ్వుతోంది. పలకల సంగతి మళ్లీ చెప్పబోయేసరికి అక్క ఫోన్ పెట్టేసింది.