నొక్కితే ఆగే మెషీన్

“ఇప్పటిదాకా ఎన్ని కార్ల రంగు కాల్చావమ్మాయ్?” అని నిలదీశాడు టొలీడోలో పనిముట్ల కొట్టు నడిపే ముసలి ఓరిన్.

“ఒక్కటే. మా బావది. బానెట్ మొత్తం,” అంది బెర్నడెట్. కార్లకు మెరుగుపెట్టే సొంత పని మొదలుపెడదామని వచ్చిందామె. ఇంకో కారు రంగు కాలిస్తే ఆ పని అక్కడితో సరి. అయినా ఆమె కన్ను మళ్లీ, బావ కారు రంగును వేడెక్కించి కాల్చిన రకం, గిర్రున తిరిగే పెద్ద పాలిష్ మెషీన్ మీదే ఉంది.

ఓరిన్ ఊగుతూ తిరిగే రకం ఒకటి ఆన్ చేసి చేతికిచ్చి, “బల్లకేసి గట్టిగా నొక్కు,” అన్నాడు. నొక్కగానే దాని మెరుగుపెట్టే మెత్తటి బిళ్ల తిరగడం మానేసింది.

“ఇంత పిరికిదేంటి?”

“నీకంటే తెలివైంది. నువ్వు ఆగనప్పుడు ఇదే ఆగుతుంది.”

ఆమె నవ్వేసి అదే కొంది. నెలలో పదకొండు కార్లు మెరిశాయి, ఒక్కటీ కాలలేదు. బానెట్‌కి మళ్లీ రంగు వేయించిన ఖర్చులో బావకి ఇంకా నూట ఎనభై డాలర్లు ఇవ్వాలి.