మామ సుత్తి, అత్త చెవి

కోడలిగా రాజపాళయం వచ్చిన కొత్తలో మామ మజ్జిగ తాగడం చూసి ముక్కున వేలేసుకున్నాను. ఆయన గుడులకు కొమ్ములు చేసేవాడు. కొమ్మంటే ఊరేగింపులో అమ్మవారి ముందు ఊదే, వంపు తిరిగిన ఇత్తడి బూర. పొద్దున సుత్తి పట్టాడంటే ఆగేవాడు కాదు. గంటకోసారి అత్త చెంబుతో మజ్జిగ పట్టుకుపోతేనే ఆ చప్పుడు ఆగేది. మొగుణ్ణి ఇంతగా నెత్తిన పెట్టుకోవాలా అని లోలోపల నవ్వుకునేదాన్ని. నా నవ్వుకు నేనే చెంపలు వాయించుకునే రోజు వచ్చింది.

సత్రపట్టిలో ఉన్న మా ఆడబిడ్డకు పురుడొచ్చి, అత్త మూడు రోజులకు బయలుదేరింది. పోయే ముందు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఇత్తడి మెత్తగా ఉండేటప్పుడు మోత మొద్దుగా ఉంటాది. కొట్టేకొద్దీ బిగుసుకొని సన్నంగా మోగుతాది. అది విన్నెంటనే మజ్జిగ ఎత్తుకొని పో. కింద పెట్టిన పనిని మళ్ళీ కొలిమిలో కాల్చి మెత్తబరిస్తేగానీ మామ సుత్తి ఎత్తడు. కాల్చకుండా కొడతానే ఉంటే పగిలిపోతాది."

"మామకి తెలీదా అత్తా?"

"తెలుసు. వినబడదు. రెండేండ్లాయె." గొంతు తగ్గించింది. "నాకు తెలుసని ఆయనకు తెలీకూడదు, తెలిసిందా."

మిల్లు సంగు, అదే సైరన్, ఊదినా లేవని మనిషి, మిల్లు జనం వీధిలో నడిచిపోవడం చూసి భోజనానికి ఎందుకు లేచేవాడో అప్పుడు అర్థమైంది.

అప్పుడు చేస్తున్నది చోళపురం గుడి కొమ్ము. తిరునాళ్ళకు ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. గొట్టం అతికి, వంచడం అయిపోయింది. వెడల్పాటి మూతిని దాగలి మీద సాగగొట్టడమే మిగిలింది. రెండు రోజులు చెవి అటే పెట్టి, వేళకు మజ్జిగ అందించాను. నా అంతటిది లేదనుకున్నాను కూడా.

మూడో రోజు పక్కింటి రేడియోలో మంచి పాట వచ్చింది. మిరపకాయల తొడిమలు తీస్తూ నేనూ గొంతు కలిపాను. పాట అయ్యేసరికి సుత్తి చప్పుడు లేదు. పరుగెత్తాను. కొమ్ము మూతి అంచు నుంచి జానెడు లోపలికి చీలిపోయింది. మామ ఆ చీలిక మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"నావల్లే మామా" అన్నాను. ఆయనకు వినబడలేదు. గట్టిగా అరిస్తే ఆయన చెవుల సంగతి నాకూ తెలుసని చెప్పినట్టే. అరవలేక, ఊరుకోలేక గుమ్మంలోనే ఏడ్చాను.

సాయంత్రం అత్త బస్సు దిగి వచ్చింది. ఆమె కాళ్ళు కూడా కడుక్కోకముందే మామ కొమ్ము తెచ్చి ముందు పెట్టాడు.

"నాకు చెవులు పోయినాయే. ఇన్నాళ్ళూ నీ చెవితోనే పని చేసినాను. నువ్వు మజ్జిగ తెస్తేనే నాకు కొలిమి గుర్తొచ్చేది. నీకు తెలుసని నాకు తెలుసు. చెప్పేదానికి సిగ్గేసింది."

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, వీధంతా వినబడేలా మొగుడి మీద అరిచింది: "మరి ఆ పులిసిన మజ్జిగంతా ఎందుకు తాగినావయ్యా?"

మామ పడీపడీ నవ్వాడు. నేను రేడియో సంగతి ఒప్పుకున్నాను. అత్త నా తల మీద చెయ్యి వేసి, "పాటైనా బాగుండిందా?" అంది. ఆ మాటకు మళ్ళీ ఏడుపొచ్చింది. అంతటి మనిషిని చూసి ఇన్నాళ్ళూ నవ్వుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మరునాడు మామ చీలిన మూతి కోసేసి కొత్త రేకు అతికాడు. అత్త బియ్యం, చేట తీసుకుని కొలిమి దగ్గరికే పోయి ఆయన పక్కన కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అక్కడ కూర్చోవడం అదే మొదలు. సుత్తి మోత సన్నబడగానే, బియ్యంలోంచి తల ఎత్తకుండానే, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. మామ సుత్తి కింద పెట్టాడు.